బండి ఆలస్యమైతే డబ్బు వాపసు వస్తుందా?

బెంగళూరు సిటీ రైల్వే స్టేషనులో దిగి, మెజెస్టిక్ బస్సుల రద్దీని పక్కకు వదిలి నడిస్తే కొద్ది నిమిషాల్లోనే కాటన్‌పేట చేరవచ్చు. కన్నడంలో అరళె అంటే పత్తి. అరళెపేట అన్న పాత మాటకూ, కాటన్‌పేట అన్న నేటి మాటకూ అర్థం ఒకటే. పత్తి వ్యాపారం పేరులో మిగిలింది. ఇప్పుడు ఆ వీధుల్లో కనిపించేవి టోకు దుకాణాలు, గోదాములు, లాడ్జీలు, మూటలు మోసే హమాలీలు. తవక్కల్ మస్తాన్ దర్గా కూడా ఇక్కడే ఉంది. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరే కరగ ఊరేగింపు ఈ దర్గాను దర్శించి వెళ్ళడం బెంగళూరు పాతపేటల ఆచారం. ఈ వీధుల్లో తెలుగు వినిపించడం విశేషమేమీ కాదు. దుకాణాల్లో పద్దులు రాసేవారిలోనూ, మూటలు దించేవారిలోనూ సరిహద్దు పల్లెలవారు ఉంటారు. కుప్పం, గుడుపల్లె వైపువారికి ఒక రైలు మార్గం ఉంది. హిందూపురం, గౌరీబిదనూరు వైపువారికి మరో మార్గం ఉంది. రెండూ చివరకు చేరేది సిటీ స్టేషనుకే.

బెంగళూరు నుంచి జోలార్‌పేట దాకా రైలు నడవడం 1864లో మొదలైంది. కుప్పం ఆ దారిలోనే ఉంది. నూట అరవై ఏళ్ళు దాటినా ఈ పల్లెలకూ పట్నానికీ మధ్య అన్నిటికన్నా చవకైన ప్రయాణ సాధనం రైలే. ఆ చవకకు కారణమేమిటి, ఆ చవకతో పాటు ప్రయాణికుడు వదులుకుంటున్నదేమిటి అన్న రెండు విషయాలూ కలిపి తెలుసుకుంటేనే లెక్క సరిగా తేలుతుంది. బండి మూడు గంటలు ఆలస్యమైతే మొత్తం డబ్బు తిరిగి ఇస్తారని చాలామంది విన్నారు. ఆ మాట నిజమే. అయితే రోజూ బండెక్కి కాటన్‌పేటకు వచ్చే మనిషికి అది దాదాపు ఏనాడూ వర్తించదు.

పాసులో దాగిన రాయితీ

2016 ప్రాంతం నుంచి రైలు టికెట్లపై ఒక వాక్యం అచ్చయ్యేది. ప్రయాణానికి అయ్యే ఖర్చులో సగటున 57 శాతం మాత్రమే రైల్వే వసూలు చేస్తోందన్నది దాని సారాంశం. తరువాత ప్రభుత్వం ఈ లెక్కను పార్లమెంటులోనే చెప్పింది. ప్రయాణికులందరికీ కలిపి ఇస్తున్న రాయితీ ఏడాదికి 56,993 కోట్ల రూపాయలనీ, ప్రతి టికెట్టుపైనా సగటున 46 శాతం తగ్గింపు ఉన్నట్టేననీ రైల్వే మంత్రి 2024 డిసెంబరులో లోక్‌సభకు తెలిపారు. 2025 మార్చిలో రాజ్యసభలో ఇచ్చిన లెక్క ఇంకా సూటిగా ఉంది. ఒక మనిషిని ఒక కిలోమీటరు తీసుకువెళ్ళడానికి 1 రూపాయి 38 పైసలు ఖర్చవుతుంటే, ఛార్జీగా తీసుకుంటున్నది 73 పైసలు.

మిగిలిన పైసలు ఎక్కడివి? ప్రధానంగా సరుకు రవాణా నుంచే. బొగ్గు, సిమెంటు, ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండ్ల మీద వచ్చే లాభంతో ప్రయాణికుల బండ్ల నష్టం పూడుస్తారు. బొగ్గు మీద పడిన ఆ భారం చివరకు కరెంటు బిల్లులో కొంత కలుస్తుంది కాబట్టి, రైలు ముఖం చూడనివారు కూడా ఈ రాయితీకి తమ వంతు చెల్లిస్తున్నారనే అనుకోవాలి.

ఇది సగటు లెక్క. రోజూ తిరిగేవారికి అందే రాయితీ దీనికన్నా చాలా ఎక్కువ. రెండో తరగతి నెలవారీ సీజను టికెట్టు ధరను సుమారు పదిహేను ఒకవైపు ప్రయాణాల ఛార్జీకి సమానంగా నిర్ణయించారు. నెలకు ఇరవై అయిదు రోజులు పనికి వెళ్ళే మనిషి రానూపోనూ యాభై ప్రయాణాలు చేస్తాడు. అంటే పదిహేనుకు డబ్బిచ్చి ముప్ఫై అయిదు ఉచితంగా తిరుగుతున్నట్టు. మూడు నెలల పాసుకు నెల పాసు ధరకు 2.7 రెట్లు, ఆరు నెలలకు 5.4 రెట్లు, ఏడాదికి 10.8 రెట్లు కడితే చాలు. 2014 జూన్‌లో ఛార్జీలు పెంచినప్పుడు నెల పాసును ముప్ఫై ప్రయాణాల ధరకు మార్చాలని నిర్ణయించారు. ముంబై వంటి నగరాల్లో నిరసన రావడంతో కొద్ది రోజుల్లోనే పాత పద్ధతికి తిరిగి వెళ్ళారు. 2025 జూలైలోనూ, అదే ఏడాది డిసెంబరులోనూ దూరప్రయాణపు ఛార్జీలు పెరిగాయి గాని, సీజను టికెట్ల జోలికి వెళ్ళలేదు. ఏ ప్రభుత్వమైనా పాసు మీద చెయ్యి వేయడానికి జంకుతుంది.

ఈ పాసు నూట యాభై కిలోమీటర్ల దూరానికి మించి ఇవ్వరు. సిటీ స్టేషనుకు కుప్పం, హిందూపురం రెండూ వంద కిలోమీటర్లకు అటూఇటూగా ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. ధర్మవరానికి అది అందదు. పాసు ఉన్నంత మాత్రాన రిజర్వేషను పెట్టెలో కూర్చునే హక్కు రాదు. సూపర్‌ఫాస్టు బండి ఎక్కితే దానికి వేరే అదనపు రుసుము చెల్లించాలి. ఈ రెండు విషయాల్లో జరిమానా కట్టినవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు.

చదువుకునే పిల్లలున్న కుటుంబాలు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇంటి నుంచి చదువుకునే చోటికి వెళ్ళి రావడానికి డిగ్రీ దాకా ఆడపిల్లలకు, పన్నెండో తరగతి దాకా మగపిల్లలకు రెండో తరగతి నెల పాసును ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది. విద్యాసంస్థ అధిపతి సంతకంతో నిర్ణీత పత్రం తెస్తే చాలు. ఆ పత్రం సంగతి పాఠశాలలు తమంతట తాము చెప్పడం అరుదు. అడగవలసింది తల్లిదండ్రులే.

పేదల కోసమే తెచ్చిన మరో పథకం చరిత్ర కూడా చెప్పుకోదగ్గది. 2009లో మమతా బెనర్జీ రైల్వే మంత్రిగా ఉన్నప్పుడు 'ఇజ్జత్' పాసు ప్రవేశపెట్టారు. నెలకు 1,500 రూపాయలకు మించని ఆదాయం ఉన్న అసంఘటిత కార్మికులకు వంద కిలోమీటర్ల వరకు నెలకు 25 రూపాయలే ధర. 2012లో దూరాన్ని నూట యాభై కిలోమీటర్లకు పెంచారు. అయితే నెలకు 1,500 రూపాయల ఆదాయం అన్న గీత ఒక హమాలీ కొద్ది రోజుల కూలితోనే దాటిపోయేది. దూరం పెంచిన చేయి ఆదాయపు గీతను పెంచకపోతే పథకం కాగితం మీదే నిలుస్తుంది.

వృద్ధులకు మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లలో ఉన్న రాయితీ (అరవై దాటిన పురుషులకు 40 శాతం, యాభై ఎనిమిది దాటిన స్త్రీలకు 50 శాతం) 2020 మార్చి 20న నిలిచిపోయింది. అదే కాలంలో మామూలు పాసింజరు బండ్లను ఆపి, తిరిగి నడిపినప్పుడు వాటికి 'స్పెషల్' అని పేరు పెట్టి ఎక్స్‌ప్రెస్ ఛార్జీ వసూలు చేశారు. పది రూపాయల కనీస ఛార్జీ ముప్ఫై అయింది. 2024 ఫిబ్రవరిలో గాని పది రూపాయల ఛార్జీ తిరిగి రాలేదు. రాయితీ అన్నది హక్కు కాదు, ఇచ్చినవారు ఆపగలిగిన వెసులుబాటు అని ఆ నాలుగేళ్ళూ సరిహద్దు పల్లెలకు బాగా తెలిసి వచ్చింది.

ఆలస్యానికి మూడు కొలతలు

నిర్ణీత సమయానికి పదిహేను నిమిషాల లోపు చేరిన బండిని రైల్వే గణాంకాల్లో సకాలంలో వచ్చినట్టుగానే లెక్కిస్తారు. అది కూడా చివరి స్టేషను చేరిన సమయాన్ని బట్టే. అందుకే సమయపట్టికలో ఆఖరి రెండు స్టేషన్ల మధ్య అవసరానికి మించిన సమయం ఇచ్చి ఉంచుతారు. మధ్యలో అరగంట పోగొట్టుకున్న బండి చివరలో ఆ అరగంటను తిరిగి సంపాదించుకుంటుంది. ఆ మధ్య స్టేషనులో దిగి ఫ్యాక్టరీ గేటుకు పరుగెత్తిన మనిషి ఆలస్యం ఏ పట్టికలోనూ కనిపించదు.

రెండో కొలత డబ్బు వాపసుకు సంబంధించినది. 2015 నవంబరు 12 నుంచి అమలులో ఉన్న వాపసు నియమాల ప్రకారం, ప్రయాణికుడు ఎక్కవలసిన స్టేషనులో బండి బయలుదేరే సమయం మూడు గంటలకు మించి ఆలస్యమై, ఆ కారణంగా ప్రయాణం మానుకుంటే ఛార్జీ మొత్తం తిరిగి ఇవ్వాలి. రద్దు రుసుము పట్టుకోరాదు. ఖాయమైన టికెట్టుకూ, ఆర్ఏసీకీ, వెయిటింగ్ లిస్టుకూ ఇది వర్తిస్తుంది. మామూలుగా పైసా కూడా తిరిగి రాని తత్కాల్ టికెట్టుకు కూడా ఈ సందర్భంలో పూర్తి వాపసు ఉంది. అయితే షరతు ఒకటి ఉంది. బండి నిజంగా బయలుదేరేలోపే కౌంటరు టికెట్టును అప్పగించాలి. ఇంటర్‌నెట్టులో కొన్నదైతే అదే గడువులోపు టీడీఆర్ అనే దరఖాస్తును ఇంటర్‌నెట్టులోనే పంపాలి. ఆ బండిలో ప్రయాణం చేసి, దిగిన తరువాత అడిగితే ఏమీ రాదు. అంటే ఆలస్యాన్ని భరించి ప్రయాణం చేసినవారికి పరిహారం లేదు. ప్రయాణం మానుకున్నవారికి మాత్రమే వాపసు ఉంది.

ఒక బండి దిగి మరో బండి ఎక్కేవారికి 2019 ఏప్రిల్ నుంచి ఒక వెసులుబాటు వచ్చింది. రెండు రిజర్వేషను టికెట్లనూ ముందే ఒకదానితో ఒకటి జతచేసి ఉంచితే, మొదటి బండి ఆలస్యం వల్ల రెండోది తప్పినప్పుడు ఆ రెండో టికెట్టు డబ్బు రద్దు రుసుము లేకుండా తిరిగి వస్తుంది. బెంగళూరులో బండి మారి ముంబైకో, మంగళూరుకో పనికి వెళ్ళేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇక రిజర్వేషను లేని మామూలు టికెట్టు సంగతి. దాన్ని కొన్న మూడు గంటల లోపు తిరిగి ఇవ్వవచ్చు. కాని మనిషికి 30 రూపాయల గుమాస్తా రుసుము పట్టుకుంటారు. హిందూపురం నుంచి సిటీ స్టేషనుకు సాధారణ బండి టికెట్టు ధర ఆ ముప్ఫైకి లోపే ఉంటుంది. కాబట్టి తిరిగి వచ్చేది సున్న. నియమం ప్రకారం వాపసు ఉన్నట్టే, చేతికి వచ్చేది మాత్రం ఏమీ లేదు. ఈ రుసుము గతంలో పదిహేను రూపాయలు ఉండేది. 2015లో రెట్టింపు చేసినప్పుడు, కనీసం చిన్న టికెట్టు ధరలో ఒక శాతంగా పెట్టి ఉంటే కూలివాడికి కొంతైనా మిగిలేది.

సీజను పాసుకు ఆ మాత్రం కూడా లేదు. పాసును మధ్యలో రద్దు చేసి మిగిలిన రోజుల డబ్బు అడిగే వీలు లేదు. బండి ఎంత ఆలస్యమైనా, ఒక రోజు పూర్తిగా రద్దయినా పాసు గడువు ఒక రోజు పెరగదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి బండ్లే ఆగిపోయినప్పుడు మాత్రం ముంబై సబర్బన్ ప్రయాణికుల పాసులకు నష్టపోయిన రోజుల మేరకు గడువు పొడిగించారు. అడిగేవారి సంఖ్య లక్షల్లో ఉంటే నియమం వంగుతుందని దాన్నిబట్టి తెలుస్తుంది.

మూడో కొలత కాటన్‌పేట షట్టర్ల దగ్గర ఉంటుంది. టోకు దుకాణంలో సరుకు దించే పని ఉదయమే మొదలవుతుంది. గంట ఆలస్యంగా వచ్చిన హమాలీకి మొదటి లారీ మూటలు దక్కవు. నెల జీతపు గుమాస్తాకు సగం రోజు కోత పడవచ్చు. రోజుకూలి 600 రూపాయలనుకుంటే, నెలలో మూడు సార్లు సగం రోజు పోయినా 900 రూపాయలు పోయినట్టే. పాసు మీద రాయితీ రూపంలో ప్రభుత్వం చేసిన మేలులో పెద్ద భాగం అక్కడే కరిగిపోతుంది. రైల్వే రాయితీని టికెట్టుపై అచ్చు వేసి చెప్పింది. ఈ కోతను అచ్చు వేసే కాగితం ఎక్కడా లేదు.

ఈ ఆలస్యాలకు ఒక కారణం పట్టాల మీది వరుసక్రమం. మెము, పాసింజరు బండ్ల కన్నా మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లకు ముందు దారి ఇస్తారు. కుప్పం మార్గంలో 2022 నవంబరు నుంచి మైసూరు-చెన్నై వందే భారత్ నడుస్తోంది. హిందూపురం మార్గంలో 2023 సెప్టెంబరు నుంచి కాచిగూడ-యశ్వంతపూర్ వందే భారత్ నడుస్తోంది. అటువంటి వేగపు బండి దాటేదాకా పక్క లైనులో నిలబడవలసింది కూలీలెక్కిన బండే. చవక టికెట్టు వారు కాస్త ఓర్చుకోవాలన్న వాదన అప్పుడప్పుడు వినిపిస్తుంది. రాయితీ ఇచ్చేది ఛార్జీలో గాని సమయంలో కాదు. సమయాన్ని తీసుకోవడానికి రాయితీ కారణం కాజాలదు.

గంటకు నూరు రూపాయల ప్రయోగం

మన దేశంలో ఆలస్యానికి పరిహారం అసలే లేదనడం సరికాదు. 2019 అక్టోబరు 4న లక్నో-న్యూఢిల్లీ మధ్య మొదలైన తేజస్ ఎక్స్‌ప్రెస్‌ను నడిపే బాధ్యత ఐఆర్‌సీటీసీ తీసుకుంది. బండి గంటకు మించి ఆలస్యమైతే 100 రూపాయలు, రెండు గంటలకు మించితే 250 రూపాయలు ప్రతి ప్రయాణికుడికీ ఇస్తామని ప్రకటించింది. ఆ నెలలోనే ఒక రోజు బండి రెండు గంటలకు పైగా ఆలస్యం కావడంతో వందల మంది ప్రయాణికులకు ఆ పరిహారం చెల్లించవలసి వచ్చింది. ప్రయాణం మానుకోనక్కరలేదు, గమ్యం చేరిన తరువాతే డబ్బు. ఈ దేశంలో అది కొత్త సంగతి. ఆ ఏర్పాటును 2024 ఫిబ్రవరి 15 నుంచి ఆపివేశారు. ఏసీ కుర్చీలో కూర్చున్నవారికి కూడా దక్కకుండా పోయింది.

ఇతర దేశాల్లో పద్ధతులు వేరు. బ్రిటనులో చాలా రైలు కంపెనీలు పదిహేను నిమిషాల ఆలస్యానికి ఛార్జీలో పావు వంతు, అరగంటకు సగం, గంటకు మొత్తం తిరిగి ఇస్తాయి. సీజను టికెట్టు ఉన్నవారికి కూడా ఒక్కో ప్రయాణపు విలువ లెక్కగట్టి ఇస్తారు. లండనులో ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగు పిల్లలు ఆలస్యమైన రోజున ఫోనులో దరఖాస్తు పెట్టుకుని డబ్బు తెచ్చుకుంటారు. అయితే అక్కడి ఛార్జీలు వింటే ఇక్కడివారు నోరు తెరుస్తారు. జపానులో ఎక్స్‌ప్రెస్ బండి రెండు గంటలు ఆలస్యమైతే ఎక్స్‌ప్రెస్ రుసుము తిరిగి ఇస్తారు. దానికన్నా విలువైనది మరొకటి ఉంది. కొద్ది నిమిషాల ఆలస్యమైనా స్టేషనులో ఒక చిన్న చీటీ ఇస్తారు. బండి ఇంత ఆలస్యమైందన్న ధ్రువపత్రం అది. ఉద్యోగి దాన్ని యజమానికి, విద్యార్థి ఉపాధ్యాయుడికి చూపుతారు. అటువంటి చీటీ కుప్పం బండి దిగిన గుమాస్తా చేతిలో ఉంటే సగం రోజు కోత పడే చోట ఒక మాట చెప్పుకోవడానికి ఆధారం దొరుకుతుంది. దానికి రైల్వేకు అయ్యే ఖర్చు కాగితం ఖర్చే.

రాయితీలో ఉదారంగా వ్యవహరించిన దేశం స్పెయిను. ధరలు మండిపోతున్న 2022 సెప్టెంబరు 1 నుంచి నగరాల చుట్టుపక్కల తిరిగే బండ్లలో ఎన్నోసార్లు తిరిగే పాసులను ఉచితం చేసింది. పది లేదా ఇరవై యూరోలు ధరావతు కట్టి, నాలుగు నెలల్లో పదహారు సార్లు ప్రయాణిస్తే ఆ ధరావతు తిరిగి ఇచ్చేది. ఉచితమని పాసులు తీసుకుని వాడకుండా ఉండేవారిని అరికట్టడానికి ఆ షరతు పెట్టారు. ఆ ఏర్పాటు 2025 మధ్య దాకా సాగింది.

ఉచిత బస్సు సరిహద్దు దగ్గర

రైలు ఆలస్యమైతే బస్సు ఎక్కవచ్చు కదా అని అనిపించడం సహజం. ఆడవారికి బస్సు ఉచితమైన కాలం ఇది. కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు టికెట్టు సున్నా. కండక్టరు ఇచ్చే ఆ సున్నా టికెట్ల లెక్కను బట్టే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు చెల్లిస్తుంది.

కాని రెండు పథకాలూ తమ తమ రాష్ట్ర నివాసులకే. ఆంధ్రప్రదేశ్ పథకం అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్ళలో ఒకరిని బాగేపల్లికి, ఒకరిని హిందూపురానికి ఇచ్చారనుకుంటే, బాగేపల్లిలో ఉన్న ఆమె కర్ణాటక గుర్తింపు కార్డుతో మెజెస్టిక్ దాకా ఉచితంగా వెళ్తుంది. హిందూపురంలో ఉన్న ఆమె బెంగళూరు బస్సెక్కితే పూర్తి ఛార్జీ కట్టాలి. సరిహద్దు దాకా ఆంధ్ర బస్సులో ఉచితంగా వచ్చి, అక్కడ కర్ణాటక బస్సెక్కినా అంతే. ఇంట్లో ఇద్దరూ మాట్లాడేది తెలుగే, ఇద్దరూ వెళ్ళేది ఆ పట్నానికే. కొందరు ఆధార్ చిరునామాను చుట్టాల ఇంటికి మార్చుకుంటే సరిపోతుందని సలహా ఇస్తుంటారు. చిరునామా మారితే రేషను, పింఛను కూడా దానితోపాటు చిక్కుల్లో పడతాయన్న సంగతి ఆ సలహాదారులు చెప్పరు. కాబట్టి ఆంధ్ర వైపు పల్లెల్లోని ఆడవారికి రోజువారీ రాకపోకలకు ఈనాటికీ రైలు పాసే చవక. ఆలస్యం కూడా దానితోనే వస్తుంది.

ఫిర్యాదు ఎవరికి, ఎలా?

కుప్పం, హిందూపురం స్టేషన్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా, అవి నైరుతి రైల్వేలోని బెంగళూరు డివిజను కిందికి వస్తాయి. 2003 ఏప్రిల్ 1న ఏర్పడిన ఆ జోను ప్రధాన కార్యాలయం హుబ్బళ్ళిలో ఉంది. విజయవాడకో, విశాఖపట్నానికో రాసిన అర్జీలు తిరిగి తిరిగి చివరకు ఇక్కడికే చేరాలి. నేరుగా బెంగళూరు డివిజను అధికారికి రాయడం మేలు. తక్షణ ఫిర్యాదుకు 139 నెంబరుకు ఫోను చేయవచ్చు, లేదా రైల్ మదద్ ద్వారా నమోదు చేయవచ్చు. నమోదైన ప్రతి ఫిర్యాదుకూ ఒక సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్యను పారేయకుండా తేదీతో పాటు రాసి ఉంచుకోవాలి.

అది ఎందుకు పనికివస్తుందో చెప్పడానికి ఒక కేసు ఉంది. 2016 జూన్‌లో అజ్మీర్-జమ్మూ ఎక్స్‌ప్రెస్ నాలుగు గంటలు ఆలస్యంగా జమ్మూ చేరింది. అక్కడి నుంచి శ్రీనగర్‌కు విమానం ఎక్కవలసిన ఒక కుటుంబానికి విమానం తప్పింది. వారు టాక్సీలో వెళ్ళవలసి వచ్చింది. వినియోగదారుల ఫోరం పరిహారం ఇమ్మంటే రైల్వే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సమయపట్టికలోని వేళలకు హామీ ఏమీ ఇవ్వడం లేదని తమ టారిఫ్ నిబంధనల్లోనే రాసి ఉందని వాదించింది. 2021 సెప్టెంబరులో న్యాయమూర్తులు ఎం.ఆర్. షా, అనిరుద్ధ బోస్ ఆ వాదనను అంగీకరించలేదు. ఆలస్యం తమ చేతిలో లేని కారణం వల్ల జరిగిందని రైల్వే నిరూపించుకోవాలి, నిరూపించలేకపోతే పరిహారం ఇవ్వాలి అన్నది ఆ తీర్పు సారం. కారణం చెప్పవలసిన బరువు ప్రయాణికుడి మీద కాక రైల్వే మీద పడింది.

విమానం తప్పిన కుటుంబానికి వర్తించిన సూత్రం కూలి పోయిన హమాలీకి వర్తించకూడదని ఎక్కడా లేదు. అయితే నష్టాన్ని చూపే ఆధారం కావాలి. విమానం టికెట్టులా కూలికి రసీదు ఉండదు. యజమాని కోత వేసినట్టు ఒక చీటీ రాసి ఇస్తే అది ఆధారం. ఆ రోజు పాసు నకలు, బండి ఎన్ని గంటలకు చేరిందో రైల్వే సమాచార సేవలో కనిపించే తెర ఫోటో, 139 ఫిర్యాదు సంఖ్య, ఇవన్నీ కలిస్తే కేసుకు ఒక రూపం వస్తుంది. ఒక్క రోజు ఆలస్యం మీద కేసు వేయడం దండగ. అదే బండి రెండు మూడు నెలల పాటు పదేపదే ఆలస్యమైనట్టు చూపగలిగితే, అదీ పదిమంది కలిసి చూపగలిగితే, అప్పుడు బలం ఉంటుంది.

దీనికి బెంగళూరు దాకా వెళ్ళనక్కరలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే, లేదా పనిచేసే చోటనే జిల్లా వినియోగదారుల కమిషనుకు వెళ్ళవచ్చు. కుప్పంవారు చిత్తూరులో, హిందూపురంవారు అనంతపురంలో వేసుకోవచ్చు. అయిదు లక్షల రూపాయల విలువ దాకా ఫీజు లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. నష్టం జరిగిన రెండేళ్ళ లోపు వేయాలి. కేవలం టికెట్టు డబ్బు వాపసు కోసమైతే దారి వేరు, దానికి రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది. రెండిటినీ ఒకే అర్జీలో కలిపితే సాంకేతిక కారణంతో కొట్టివేసే ప్రమాదం ఉంది కాబట్టి, సేవాలోపం, పోయిన కూలి అన్న మాటల మీదే ఫిర్యాదును నిలపాలి.

పాసు గడువు ముగిసే పది రోజుల ముందు నుంచే కొత్త పాసు తీసుకోవచ్చు. పాత పాసును చాలామంది ఆ రోజే చించి పారేస్తారు. రెండేళ్ళ గడువు తీరేదాకా పాత పాసులను ఒక కవరులో దాచి ఉంచుకోవాలి.